మస్తానమ్మ వంతు

ఎండ ఎక్కకముందే సోలారు పలకలు కడిగెయ్యాలి. కాలిన గాజు మీద చన్నీళ్ళు పడితే బీటలిస్తుంది. అందుకే గంగాభవాని పొద్దు పొడిచేసరికే నీలం కోటు తొడుక్కుని, నెత్తిన టోపీ, కళ్ళకు అద్దాలు, ముక్కూ నోరూ మూస్తూ గుడ్డ కట్టుకుని, పైపు పట్టుకుని నిలబడి ఉంటుంది. రాత్రంతా సముద్రపు గాలి తెచ్చి పోసిన ఉప్పు పలకల మీద పొరగా పేరుకుంటుంది. ముందు నీళ్ళు కొట్టి నాననివ్వాలి. తర్వాత పొడుగు కర్రకు కట్టిన రబ్బరు పట్టీని పైనుంచి కిందికి ఒక్క లాగుడు లాగాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, అక్కడ చార పడుతుంది. చార పడిన రోజున ఆమెకు అన్నం సయించదు. "కంపెనీ అద్దాలకు చేసే సేవలో కాస్తంత నా చొక్కాలకు చేస్తే నేనూ పెళ్ళికొడుకులా ఉందును గదమే," అని మొగుడు చెంగయ్య ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ. ఎంత ఉతికినా చొక్కాలో ఆకాశం కనపడుతుందా?

ఆ గురువారం ఆమె చివరి వరస తుడుస్తుండగా వెన్నెల ఇసకలో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. కంపెనీలో మనుషుల వ్యవహారాలు చూడ్డానికి నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి.

"మస్తానమ్మా!"

"ఆఁ, అమ్మా," అంది గంగాభవాని.

గంగాభవానిని పట్టుకుని మస్తానమ్మా అంటే ఎందుకు పలికిందని అడుగుతారేమో. పలక్క చస్తుందా? కంపెనీ లెక్కలో ఆ కోటు పేరే మస్తానమ్మ. కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డూ, అందులో నీళ్ళ నుంచి హైడ్రోజన్ గ్యాసు తీసే బీరువా అంత పెట్టే తప్ప ఏమీ లేని కాలంలో, సముద్రపు నీళ్ళు తోడే పైపు మూడిళ్ళ వాళ్ళు వలలు ఆరేసుకునే మెరక మీదుగా పోయింది. అందుకు బదులుగా ఒక ఉద్యోగం ఇస్తామన్నారు. మూడిళ్ళకు ఒక్క ఉద్యోగం! జువ్వలదిన్నెకు ఇవతలున్న ఈ పాళెంలో అదేమంత చిక్కు కాదు. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర వల కట్టే మంచి చోటు ఒక్కటే ఉంటే ఏం చేస్తారు? వంతులేసుకుంటారు. పులికాట్ వైపు దాన్ని పాడు అంటారు, ఇక్కడ వంతు అంటారు, అంతే తేడా. అమావాస్యకు అమావాస్యకు వంతు మారుతుంది. ఉద్యోగాన్నీ అట్లాగే కట్టుకున్నారు. పెద్దామె మస్తానమ్మ పేరు కాయితంలో రాయించి, ఒక నెల ఆమె, ఒక నెల గంగాభవాని, ఒక నెల వెంకటశేషమ్మ. అమావాస్య నాడు కోటు ఉతికి ఆరబెట్టి, తర్వాతి మనిషి ఇంటి దడి మీద వేస్తే వంతు మారినట్టు. టోపీ, గుడ్డ, అద్దాలు పెట్టుకున్నాక లోపల ఉన్న ఆడది ఎవరో చూసే తీరిక షెడ్డులో ఎవరికీ లేదు. ఇది మోసమని ఈ ముగ్గురికీ ఒక్కనాడూ తోచలేదు. వల కట్టిన చెయ్యి ఎవరిదని సముద్రం అడగదు గదా, కంపెనీ మాత్రం ఎందుకడుగుతుంది అనుకున్నారు.

"సోమవారం గేటు దగ్గర ముఖం చూసే మిషన్ పెడుతున్నాం," అంది వెన్నెల. "ఇంక కార్డులుండవు. ఎవరి ముఖం ఎక్కిస్తే వాళ్ళకే గేటు తెరుచుకుంటుంది. ఇంకో మంచి మాట. నువ్విప్పుడు కాంట్రాక్టు మనిషివి కాదు, కంపెనీ మనిషివి. కొత్త ప్లాంటు కంట్రోలు రూములో పని నేర్పిస్తారు. కుర్చీలో కూర్చునే పని! పెంచలకృష్ణ సార్ పట్టుబట్టి నీ పేరు రాయించారు."

"ఎవరి పేరు?"

"నీ పేరే. మస్తానమ్మ అనేగా!"

గంగాభవాని చేతిలో రబ్బరు పట్టీ పలక మధ్యలో ఆగిపోయింది. చార పడింది.

పెంచలకృష్ణ ఆ వెనకే వచ్చాడు. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే ఇంటి బిడ్డ. షెడ్డు రోజుల్లో ఆ పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకున్న ఇంజనీరు. ఇప్పుడు పలకలు సరుగుడు తోపుల దాకా పాకాయి, గ్యాసు ట్యాంకర్లు రోడ్డు పొడుగునా నిలబడుతున్నాయి, తోపుల అవతల కొత్త ప్లాంటుకు క్రేన్లు లేచాయి. ఆయనేమో మొత్తానికీ మేనేజరై కూర్చున్నాడు. అయినా క్యారియరులో అన్నం నిలబడే తింటాడు.

"నువ్వు రావాల మస్తానమ్మా," అన్నాడు. "పైపు మూతికి జెల్లిచేపలు అడ్డం పడతాయని ముందురోజే చెప్పింది నువ్వు. పలకల మీద చార లేకుండా తుడిచేది నువ్వు. అన్నిటికన్నా, షెడ్డులో గ్యాసు అంటుకున్న రోజు చీపురు పట్టుకుని ముందు నడిచిందీ నువ్వే. నువ్వు లేకపోతే షెడ్డుతో పాటు నేనూ బూడిదయ్యుండేవాణ్ణి. నేనది మర్చిపోలేదు."

ఆయన వెళ్ళిపోయాక కూడా గంగాభవాని అక్కడే నిలబడింది. జెల్లిచేపల సంగతి చెప్పింది అసలు మస్తానమ్మ. చార లేకుండా తుడిచేది తను. చీపురు పట్టుకుని నడిచింది వెంకటశేషమ్మ. మరి ఈయన మెచ్చుకున్న మనిషి ఎవరు? ఎంత ఆలోచించినా కుడితిలో పడ్డ ఎలుకలా మనసు అక్కడక్కడే తిరిగింది. ఒక్కటి మాత్రం తెలుస్తోంది. ఆ కుర్చీ ఆమెకు కావాలి. నెల నెలా ఇంకొకళ్ళ దడి మీద వేసి రావాల్సిన అవసరం లేని పని ఒకటి, తనకంటూ కావాలి. ఇంత గట్టిగా ఆమె దేన్నీ కోరుకోలేదు.

కానీ ఆదివారం అమావాస్య. సోమవారానికి వంతు వెంకటశేషమ్మది.

శేషమ్మ ఒడ్డున కూర్చుని కవళ్ళు అనే చిన్న చేపలు గంపకెత్తుతోంది. మొగుడు పడవ మీంచి పడి నడుము విరిగినప్పటి నుంచి ఆ గంపే ఆ ఇంటికి పడవ. గంగాభవాని వెళ్ళి పక్కన కూలబడి, విన్నదంతా చెప్పేసింది. దాచాలని లేదు, చెప్పాలనీ లేదు, నోరు దానంతటది చెప్పింది.

"సోమవారమా?" శేషమ్మ చేతిలో చేప జారింది. "నా వంతులోనా మే?"

"నీ వంతులోనే అక్కా."

శేషమ్మ నవ్వలేదు. జారిన చేపను తీసి, నీళ్ళలో కడిగి, మళ్ళీ అదే చేపను ఇంకోసారి కడిగింది. గంగాభవాని అది చూసింది. ఆ క్షణంలో ఆమె మీద ప్రేమా పుట్టింది, కడుపు మంటా పుట్టింది. ఏది ముందు పుట్టిందో తెలీలేదు.

*

శుక్రవారం వెన్నెల మాట మారింది. సోమవారం పెద్ద పెద్ద వాళ్ళు ప్లాంటు చూడ్డానికొస్తున్నారు, అప్పటికి మిషన్ పని చేస్తూ ఉండాలి, కాబట్టి ముఖాలు శనివారమే ఎక్కిస్తామంది. ఆమెకు అది తేదీ మార్పు, అంతే. పాళెంలో అది ఒక బతుకు ఇటు నుంచి అటు పోవడం.

మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళూ పాళెం పెద్ద ఆదెయ్య దగ్గర చేరారు. ఆయన పడవ నీడన వల చిల్లు కుట్టుకుంటున్నాడు. దారం పళ్ళతో తెంపి, అంతా విని, మళ్ళీ కుట్టుకున్నాడు.

"దీంట్లో తగువేముందంట?" అన్నాడు చివరకు. "మొగలో వల ఎవరి వంతులో ఉంటే పడిన చేప వాళ్ళది. పండుగప్ప పడినా వాళ్ళదే, పాచి పడినా వాళ్ళదే. రేపు గంగాభవాని వంతు. మిషనో గిషనో, దానికే."

"చేప ఒకసారి పడుద్ది మామా," అంది మస్తానమ్మ. నడుం మీద చెయ్యి పెట్టుకుందంటే ఆమెను ఆపేవాళ్ళు లేరు. "ఇది రోజూ పడే చేప గదా! బతికినన్నాళ్ళూ దీనికే పడుద్ది. నాకంటే వయసైపోయింది, పోనీ. శేషమ్మ ఏమైపోవాల?"

ఆదెయ్య సూది గాల్లో ఆపేశాడు. "రోజూ పడే చేపను మా తాతలు చూళ్ళేదమ్మే. వాళ్ళు చూడని చేపకు కట్టుబాటు యాడ నుంచి తెచ్చేది నేను? ఉన్న మాట చెప్పినా. శేషమ్మదంటే కట్టుబాటు తప్పుద్ది, దీనిదంటే న్యాయం తప్పుద్ది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం."

అందరూ శేషమ్మ వైపు చూశారు. ఏడ్చినా తిట్టినా బాగుండేది. గంగాభవాని దానికి సిద్ధపడే వచ్చింది. నాలుగు మాటలు తిరిగి అనడానికి నోట్లో పెట్టుకుని కూడా వచ్చింది.

"నీ వంతులో పడింది. నీదేమే," అంది శేషమ్మ. గంప ఎత్తమని మస్తానమ్మకు సైగ చేసి, నెత్తిన పెట్టుకుని, కావలి ఆటో కోసం రోడ్డు వైపు నడిచింది.

నోట్లో పెట్టుకొచ్చిన మాటలు గంగాభవానికి అట్లాగే మిగిలిపోయాయి. ఇంటికెళ్ళేసరికి చెంగయ్యకు ఎవరో చెప్పేశారు. "నక్కను తొక్కొచ్చినావే!" అని గంతులేసినంత పని చేశాడు. "ఇంకనైనా వలలో ఏం పడిందని నా మొగం చూడబల్లేదు." ఆమె నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది. చారు కాచింది. అందులో ఉప్పు రెండుసార్లు వేసింది.

*

శనివారం గేటు దగ్గర వరస. కొత్త మిషన్ స్తంభానికి తగిలించిన చిన్న అద్దంలా ఉంది. గంగాభవాని వంతు వచ్చింది. (ఆ మాట కూడా ఎంత విచిత్రంగా వినిపించిందో ఆమెకు.) టోపీ తీసింది, అద్దాలు తీసింది, ముఖం మీది గుడ్డ విప్పింది. ఆ గేటు దగ్గర ఆమె ముఖానికి గాలి తగలడం అదే మొదటిసారి.

వెన్నెల చేతిలో పాత కాయితం ఉంది. దాని మీది ఫోటో జిరాక్సు మీద జిరాక్సు పడి నల్లగా అలుక్కుపోయింది. "దీంట్లో నువ్వు పెద్దదానిలా ఉన్నావే," అని నవ్వింది. "సరే, అద్దంలోకి చూడు. కళ్ళార్పకు."

గంగాభవాని చూసింది. ఇప్పుడు చెప్పొచ్చు అనుకుంది. పేరు తప్పమ్మా అని ఒక్క మాట. కానీ ఆ మాట వెనకాల ఇంకెన్ని మాటలు రావాలో! మెరక సంగతి, వంతుల సంగతి, ముగ్గురి సంగతి. అవన్నీ చెప్పాక ఆ కుర్చీ ఉంటుందా? వెనక వరసలో వాళ్ళు తోసుకుంటున్నారు. ఆమె కళ్ళార్పలేదు, నోరూ విప్పలేదు. అద్దం చుట్టూ పచ్చ దీపం వెలిగింది.

"స్వాగతం, మస్తానమ్మ," అంది మిషన్. గేటు తెరుచుకుంది.

సొమ్మొకడిది, సోకొకడిది అని మస్తానమ్మ తరచూ అంటుంటుంది. పేరొకరిది, మెప్పొకరిది, ముఖం మాత్రం తనది. ఆ రోజంతా గంగాభవాని పలకలు తుడుస్తూ ప్రతి దాంట్లోనూ తన ముఖమే చూసుకుంది. కుర్చీ తనకు దొరికింది. సంతోషం ఎక్కడో దారిలో ఉండుంటుంది, వస్తుందిలే అని ఎదురుచూసింది.

ఆదివారం అమావాస్య. పడవలు కదల్లేదు. చెంగయ్య తోపులో పేకాటకు పోయాడు. గంగాభవాని కోటు నానబెట్టి, కాలర్ మీది మురికి రాతి మీద రుద్ది, జాడించి ఆరేసింది. గాలికి తొందరగానే ఆరింది. మడతపెట్టి చేతి మీద వేసుకుని, గొబ్బి పూల చెట్టు దాటి, మస్తానమ్మ ఇల్లు దాటి, శేషమ్మ ఇంటి దడి మీద కోటు పరిచేదాకా ఆమెకు తను ఏం చేస్తోందో తెలియదు. తెలిసేసరికి చెయ్యి కోటు మీదే ఉండిపోయింది.

శేషమ్మ పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. చూసింది.

"అలవాటు," అంది గంగాభవాని. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది.

"ఉండ్లే. చేతికేం తెల్సు," అంది శేషమ్మ. లేచొచ్చి, దడికి అవతల నిలబడి, కోటుకు ఊడబోతున్న గుండీని వేలితో తిప్పి చూసింది. తీసుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. గొంతు తగ్గించి అడిగింది. "అమ్మే, ఆ సారు ఏమో అన్నాడన్నావే మొన్న. ఆ చీపురు సంగతి. అదొకసారి మళ్ళా చెప్పు."

గంగాభవాని తెల్లబోయింది. కుర్చీ గురించి అడుగుతుందనుకుంది, తిడుతుందనుకుంది. ఇదా అడగడం!

"నువ్వు లేకపోతే షెడ్డుతో పాటు నేనూ బూడిదయ్యుండేవాణ్ణి శేషమ్మా అన్నాడక్కా," అంది. పేరు ఆమె మార్చింది. "నేనది మర్చిపోలేదు అన్నాడు."

"అట్నా అన్నాడు!" శేషమ్మ ముఖం విప్పారింది. "ఆ మర్నాడే అమావాస్య గదా. కోటు మస్తానత్తకు పోయింది. సారొచ్చి థాంక్సు చెప్పిపోయినాడంట ఆమెకు. నాకెవరూ చెప్పలేదులే. గంట మోగుతా ఉంటే అందరూ బయటికి ఉరికినారు. సారు లోపలుండాడు. ఆ గ్యాసు మంట పగలు కంటికి కనపడదు గదా, చీపురు కర్రకు కట్టి ముందు చాపుకుంటా పోయినా. ఉత్త గాల్లోనే చీపురు భగ్గుమనింది. మంట ఉండే తావు తెలిసింది, ఇటు పక్కగా రండి సారూ అని అరిచినా. ఎడంచేత్తో పట్టుకున్నా. కుడిచేతికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని కట్టుండె." అరచెయ్యి చాపి చూపించింది. మచ్చ ఇంకా ఉంది. "ఇంగోసారి చెప్పవే, ఏమన్నాడో."

గంగాభవాని ఇంకోసారి చెప్పింది. కోటు మళ్ళీ చేతి మీద వేసుకుని ఇంటికొచ్చింది.

*

సోమవారం గేటు ముందు తెల్ల కార్లు బారులు తీరాయి. చెన్నై నుంచి వచ్చినవాళ్ళు, దేశం బయటి నుంచి వచ్చినవాళ్ళు. రేకుల షెడ్డును కూలగొట్టకుండా రంగు వేసి, పూలదండ కట్టి, కంపెనీ ఇక్కడే పుట్టిందని బోర్డు పెట్టారు. పెంచలకృష్ణ కొత్త చొక్కా వేసుకుని వాళ్ళకు బీరువా అంత పెట్టెను చూపించాడు, అక్కడి నుంచి క్రేన్ల దాకా చెయ్యి తిప్పి చూపించాడు. తర్వాత గంగాభవానిని ముందుకు పిలిచాడు.

"ఈమే మస్తానమ్మ," అన్నాడు. చీపురు కథ ఇంగ్లీషులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన ఫోటో కావాలన్నాడు. ఆమె అద్దాలూ, ముఖం మీది గుడ్డా తీసింది. వెన్నెల అప్పటికే సిద్ధం చేసి పెట్టింది, కర్రకు కట్టిన కొత్త కొబ్బరి చీపురు. దాని పిడికి ఎర్ర రిబ్బను కూడా చుట్టింది.

"ఆ రోజు ఎట్లా పట్టుకున్నావో అట్లాగే పట్టుకో మస్తానమ్మా," అంది.

గంగాభవాని చీపురు అందుకుంది. కుడిచేత్తో. ఎవరైనా కుడిచేత్తోనే అందుకుంటారు. కెమెరా ఎత్తారు. ఆమెకు చెయ్యి బరువెక్కింది. ఇట్లా కాదు గదా అనిపించింది. చీపురు ఎడంచేతికి మార్చుకుంది.

"కుడిచేత్తోనే బాగుంది," అంది వెన్నెల.

"కాదమ్మా, ఎడంచేత్తోనే," అంది గంగాభవాని. "ఆ రోజు ఆమె కుడిచేతికి కట్టుండె."

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు తెలీలేదు. పెంచలకృష్ణ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మెల్లగా పోయింది.

"కట్టు," అన్నాడు. "అవును, తెల్లగుడ్డ కట్టు. చీపురుతో పాటు అదీ కనపడింది నాకు." దగ్గరికొచ్చాడు. "ఆమె అంటావేంది?"

"చీపురు పట్టుకున్నామె శేషమ్మ సార్. జెల్లిచేపల సంగతి చెప్పింది మస్తానమ్మత్త. మేం ముగ్గురం. వంతులు." ఇంకేం చెప్పాలో తెలియక, "పలకలు చార లేకుండా తుడిచేది మాత్రం నేనే సార్," అంది.

వచ్చినవాళ్ళు ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. వెన్నెల ముఖం పాలిపోయింది. పెంచలకృష్ణ గంగాభవాని ముఖంలోకి చూశాడు. టోపీ కింద, అద్దాల వెనక ఇన్నేళ్ళుగా ఉన్న ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"మరి నువ్వెవరమ్మా?"

"నా పేరు గంగాభవాని సార్," అంది. "నా వంతు నిన్నటితో అయిపోయింది."

టోపీ తీసి వెన్నెల చేతిలో పెట్టింది. కోటు విప్పి చేతి మీద వేసుకుంది. మంచి పని చేసిందో పిచ్చి పని చేసిందో ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. చెంగయ్య మాత్రం చెప్పేస్తాడు, అందులో అనుమానం లేదు. గేటు దగ్గర అద్దం పచ్చగా వెలిగింది. "ధన్యవాదాలు, మస్తానమ్మ," అంది మిషన్. ఆమె బయటపడింది.

ఇసకలో కొంత దూరం పోయాక వెనకనుంచి పిలుపు వినపడింది. పెంచలకృష్ణ. కొత్త బూట్లలోకి ఇసక దూరి కాలు లాగుతుంటే, అట్లాగే పడుతూ లేస్తూ వస్తున్నాడు.

"ఇల్లెక్కడ? ఆ శేషమ్మది?"

"సార్, మీ వాళ్ళు…"

"వెన్నెల చూసుకుంటుందిలే. ఉద్యోగం ఏం చెయ్యాలో నాకూ తెలీదు, ముందే చెబుతున్నా. మిషన్‌లో ఒకటే పేరుంది." ఎగపోస్తూ ఆగాడు. "ముందు ఇల్లు చూపించు."

ఆమె ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు. మస్తానమ్మ గుమ్మంలోంచి చూసి, చాట చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. శేషమ్మ పెరట్లో ఉంది. మోచేతుల దాకా పొలుసులు. గంగాభవాని కోటును దడి మీద పరిచి, చేత్తో ముడతలు సాపు చేసింది.

"అక్కా, సారొచ్చినాడు," అంది. "ఆయన నోటితోనే విను."

శేషమ్మ లేచి నిలబడింది. చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చుట్టూ వెతుక్కుంది. పెంచలకృష్ణ దడి దగ్గర ఆగి, ఆమె కుడిచేతి మచ్చ వైపు చూసి, చెప్పడానికి నోరు తెరిచాడు.